జానెడు మెట్టు

చండూరు బస్టాండు ఎనుక రేకుల షెడ్డు నాది.
నిన్న పొద్దుగాల దాని ముందర ఆగింది
గోనె లింగస్వామి కొత్త బండి.
బండి గాదది, పులి మొకం.
నా ఛాతి దాక బానెటు,
పక్కపొంటి నల్లటి చారలు.
టీవీల ఇదే బండి మంచుకొండ మీద దుంకుతది,
వాగుల పడి నీళ్లు చిమ్ముతది,
నడిపేటోడు నల్లద్దాలు పెట్టుకొని
ఎవ్వల్ని ఎక్కించుకోకుండ పోతనే ఉంటడు.

మాకాడ మంచు యాడిది సారూ,
మర్రిగూడ తొవ్వల ఎర్ర చెల్క దుమ్ము,
నలభై బత్తాయి డబ్బాలు,
డ్రిప్పు పైపుల చుట్టలు,
ఓ దినం యూరియా, ఓ దినం పెండ్లికి కుర్చీలు.
ఎనుక తొట్టి జూస్తే మూరెడు.
"గింత ధర పెట్టి ఇదేం తొట్టిరా" అన్న.
"సూపుకు బాగుంది గదనే" అన్నడు.
నిజమే, బాగుంది.
తాళం తిప్పి నేను గూడ చూసిన.
ఆ గుర్రుమనుడు
కాళ్ల కింది బండల నుంచి నా పండ్ల దాక వచ్చింది.
అబద్ధమెందుకు?

మా నాయిన వడ్లాయిన.
బండి చెయ్యమంటే ముందుగాల ఒక్కటే అడిగేటోడు:
"ఏం మోస్తవు?"
పెంటకైతే ఓ తీరు, వడ్లకైతే ఓ తీరు.
జాతరకు ఉరికే కచ్చురమైతే
సన్న ఆకులు, తేలిక నొగ, గజ్జెలకు కొండీలు.
దాన్ల పెంట పోస్తానంటే కసురుకునేటోడు.
కానీ ఆ కచ్చురానికి గూడ
ఎనుకపొంటి ఓ చెక్క దిగ్గొట్టేటోడు,
కడుపుతోని ఉన్న ఆడామె ఎక్కనీకి.
ఎవ్వలు అడగకున్నా.

మీరేం అడుగుతరు సారూ,
బండి గీసే ముందు?

లింగస్వామి వచ్చింది తొట్టి కోసం గాదు.
వాళ్ల పెద్దమ్మ సాలమ్మ నీడకు నిలబడ్డది,
నిలబడ్డదంటే, కర్రకు ఒరిగింది.
మోకాళ్లు వంగవు, నడుము లేవదు,
పండ్ల మీద తుప్పు చారలు.
మా దిక్కు ఈ మోకాళ్లను ఎవ్వలు కొత్తగ చూడరు.
నెలకోపారి నల్లగొండ దవాఖానకు పోవాలె.
మొదటిపారి ఇద్దరు పట్టి పైకేసిన్రట,
డబ్బాను ఏసినట్టు.
"మల్ల నన్ను ముట్టొద్దు" అన్నదట.

గొలిచిన. నేల నుంచి గడప దాక రెండున్నర జానలు.
"స్ప్రింగులు కోసి బండిని కిందికి దింపుదునా పెద్దమ్మా?"
లింగస్వామి మొకం మాడింది.
ముసలామె కర్ర నేలకేసి కొట్టింది:
"ఎందుకురా దించుడు?
ఆడ కూసుంటే
గోడల అవతల ఎవల తోట ఎంత కాసిందో
అంతా అగుపడ్డది.
నడుము వంగిన సంది
నేల తప్ప ఏం చూసిన నేను?"

షెడ్డు మూలకు ఎతికితే
పాత బోరింగు పైపు దొరికింది.
తాగొద్దని ఎర్ర రంగు పూసి, మూసి,
ఆఖరికి పంచాయితోళ్లు ఇనుము కింద అమ్మింది.
మందం పైపు. చానేండ్లు నీళ్లు పోసింది.
కోసిన, వంచిన,
చెప్పు జారకుండ గీరలు కొట్టిన,
చాసిసుకు రెండు తావుల అతికిచ్చిన.
సాలమ్మ దాన్ని చేత్తోని తడిమింది.
ఓ పక్క ఎర్ర రంగు ఇంకా పోలే.
ఏమనలే.
ఎడమ కాలు పెట్టింది.
ఊపిరి బట్టి కుడికాలు ఈడ్చింది.
ఎవ్వలు ముట్టలే.

షోరూమోళ్లు చెప్పిన్రట,
అతుకు పడ్డది గనక గ్యారంటీ పోయిందని.
లింగస్వామి ఫోన్ల నన్నే తిట్టిండు.
ఏడు నూర్లల్ల నూరు ఇంకా బాకీ.

సారూ, పులి మొకం తియ్యకున్రి.
ఆ గుర్రుమనుడు ఉండనియ్యున్రి,
పోరగాండ్లకు కావాలె, నాకు గూడ కావాలె.
కానీ ఆ నల్లద్దాలోని పక్క సీటు ఖాళీగున్నది గద,
అండ్ల ఒకామెను కూసోబెట్టి
మల్ల గీయున్రి.
కొలత కావాల్నంటే
నా షెడ్డు గోడ మీద సుద్దతోని రాసున్నది.
వానకు పోకముందే రాన్రి.